తెరవని తలుపుల లెక్క

ముంబైలోని వర్లి బీడీడీ చాళ్లలో ఎవరినైనా పట్టుకోవాలంటే మూడు నంబర్లు చాలు: చాళ్ అంటే భవనం, మాలా అంటే అంతస్తు, ఖోలీ అంటే గది. గుడి పక్క సందు, కిరాణా కొట్టు ఎదురుగా లాంటి గుర్తులతో పనిలేదు. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన ఈ భవనాలన్నీ ఒకే అచ్చులో పోసినవి. కింద ఒక అంతస్తు, పైన మూడు. ప్రతి అంతస్తులో నడుమ పొడవాటి నడవ, దానికి అటు పది గదులు, ఇటు పది. గదికి 160 చదరపు అడుగులు. చాళ్‌కు 80 గదులు, వర్లిలో చాళ్లు 121, అంటే 9,680 గదులు. నాయ్‌గావ్, డిలైల్ రోడ్, శివ్‌డీ కూడా కలిపితే భవనాలు 207 అవుతాయి గానీ, ఈ అధ్యాయానికి వర్లి చాలు.

కంప్యూటర్‌లో ఫైళ్ల అమరిక కూడా ఇలాగే ఉంటుంది. ఒక ఫోల్డర్, దాంట్లో ఫోల్డర్లు, వాటిలో మళ్లీ ఫోల్డర్లు, ఎక్కడో చివర ఫైళ్లు. ఫోల్డర్‌నే పాతకాలపు పేరుతో డైరెక్టరీ అంటారు. డైరెక్టరీలో డైరెక్టరీ పెట్టుకోవచ్చన్న ఆలోచనను మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం డేలీ, న్యూమన్ అనే ఇద్దరు 1965లో పత్రంగా రాశారు. తర్వాత వచ్చిన యూనిక్స్ ఆ పద్ధతిని తీసుకుంది. ఈరోజు మన ఫోన్ దాకా అదే నడుస్తోంది. బొమ్మ గీస్తే తలకిందులుగా నిలబెట్టిన చెట్టులా ఉంటుంది కాబట్టి దీన్ని చెట్టు అంటారు. వేరు పైన, ఆకులు కింద.

ఆ చెట్టులోంచి కావలసిన ఆకులు మాత్రం ఏరి ఒక మూటలో కట్టాలి. ఆ మూటనే ఆర్కైవ్ అంటాం. పని చెప్పినంత తేలికగా ఉండదు, ఎందుకుండదో చూద్దాం.

ముందు ఆ మూట ఎవరిదో చెప్పుకోవాలి. వర్లి చాళ్లలో మరాఠీ కుటుంబాల పక్కనే తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ముంబైకి మనవాళ్ల రాక ఇంకా పాతది. 18వ శతాబ్దం చివర దీవులను కలిపే కట్టల పని సాగిన రోజుల్లో నిజాం ఇలాకా నుంచి వచ్చిన కూలీలను కామాఠీలన్నారు. వాళ్లు కాపురముండిన చోటు కామాఠిపుర అయింది. రాయి మోసినవాళ్ల తర్వాత మగ్గం తెలిసినవాళ్లు వచ్చారు. తెలంగాణ పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరి వర్లి, లోయర్ పరేల్ చుట్టూ నిలదొక్కుకున్నారు. మిల్లును అక్కడ గిర్నీ అంటారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ తర్వాత గిర్నీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొందరు భివండీ పవర్‌లూమ్‌లకు వెళ్లారు, కొందరు ఊళ్లకు తిరిగి వెళ్లారు, కొందరు ఖోలీ వదలకుండా వేరే పని చూసుకున్నారు. ఇప్పుడు ఆ ఖోలీలే పోతున్నాయి. చాళ్లు కూల్చి టవర్లు కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లిలో తొలి విడతగా 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు అందాయి.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ఇనుప పెట్టె కిందికి దిగుతుంది. అలాంటి ఒక ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉందనుకుందాం. మిల్లులో ఒకరి బదులు పనిచేసే బదలీ కూలీగా తాతకిచ్చిన పాసు, అద్దె పావతీలు, ఊరికి పంపిన మనీఆర్డర్ రసీదులు, ఇన్‌లాండ్ లెటర్లు, మున్సిపాలిటీ తెలుగు బడి ఇచ్చిన దాఖలా, పెళ్లిపత్రికలు అన్నీ ఫోన్‌తో ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టింది. ఇంట్లో మిగతావాళ్ల ఫోన్లలో ఉన్నవీ అందులోకే దించింది. నాన్న ఫోన్, అన్న ఫోన్, రెండు పాత మెమరీ కార్డులు. ఇప్పుడు వీటన్నిటినీ ఒక మూట కట్టి ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఇంకో కాపీ భివండీలో ఉన్న చిన్నాయన దగ్గర పెట్టాలి. రెండు చోట్ల ఎందుకంటే, 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడిన ఊరు ఇది. కింది అంతస్తుల్లో ఉన్నవాళ్లకు కాగితం ఎంత కాలం బతుకుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు నడక సంగతి. చెట్టును చుట్టిరావడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటి చాళ్‌లోకి వెళ్లి, కింది అంతస్తులో ఇరవై గదులూ చూసి, మెట్లెక్కి పై అంతస్తు చూసి, ఆ చాళ్ పూర్తయ్యాకే రెండో చాళ్‌కు వెళ్లడం ఒకటి. ఇది లోతు ముందు నడక. రెండోది వెడల్పు ముందు నడక: ముందు 121 చాళ్ల పేర్లు రాసుకుని, ఆ తర్వాత వాటి 484 అంతస్తులు రాసుకుని, ఆ తర్వాతే గదుల జోలికి వెళ్లడం. రెంటిలోనూ ఏ గదీ తప్పిపోదు. తేడా జ్ఞాపకంలో ఉంది. వెడల్పు నడకలో మొదటి గది తలుపు తట్టేసరికే 9,680 గదుల జాబితా చేతిలో ఉండాలి. లోతు నడకలో మూడు నంబర్లు గుర్తుంటే సరిపోతుంది: ఏ చాళ్, ఏ మాలా, ఏ ఖోలీ. చాలా ప్రోగ్రాములు తాము నిలబడ్డ చోటి పక్క గుమ్మాల జాబితాను కూడా పట్టుకుంటాయి. అప్పుడైనా 121, 4, 20 కలిసి 145 పేర్లే. కొన్ని వందల కిలోబైట్ల జ్ఞాపకంతో బతికిన 1970ల యంత్రాలకు ఈ పొదుపు ప్రాణం. ఆర్కైవ్ కట్టే పనిముట్లు ఇప్పటికీ లోతు నడకనే వాడుతున్నాయి.

లోతు నడకలోనూ ఒక చిన్న చిక్కుంది. గది పేరును మూటలో ఎప్పుడు రాయాలి? లోపలికి వెళ్లే ముందా, లోపల అంతా చూసి బయటికొచ్చాకా? మూట విప్పేటప్పుడు ఫైలు పెట్టాలంటే ముందు ఫోల్డర్ ఉండాలి కాబట్టి, ముందే రాయడం న్యాయం. ఆర్కైవ్ కట్టే పనిముట్లలో ఒకటైన టార్ అలాగే చేస్తుంది. కానీ ఫోల్డర్‌కు తేదీ ఉంటుంది, తాళం కూడా ఉంటుంది. ‘ఇందులో ఎవరూ రాయకూడదు’ అన్న అనుమతితో ఫోల్డర్‌ను ముందే సృష్టిస్తే, దాని ఫైళ్లను అందులో పెట్టడం కుదరదు. తేదీ సరిచేసి ఆ తర్వాత ఫైళ్లు పెడితే, పెట్టిన ప్రతిసారీ తేదీ మారిపోతుంది. టార్‌కు ఒక రూపమైన గ్నూ టార్ దీనికి చక్కటి ఉపాయం చేసింది. ఫోల్డర్‌ను ముందు తయారుచేసి, దాని తేదీ, అనుమతులు అప్పుడే ఖాయం చేయకుండా పక్కన రాసుకుని, లోపలివన్నీ పెట్టాక చివర్లో సరిచేస్తుంది. సీపీఐఓ అనే ఇంకో పాత పనిముట్టు వాడకందారులు ఇదే చిక్కును దాటడానికి లోపలివి ముందు, ఫోల్డర్ తర్వాత వచ్చేలా జాబితా తయారుచేసేవారు.

సీపీఐఓ అన్నాం కాబట్టి దాని పుట్టుక చెప్పుకోవాలి. బెల్ ల్యాబ్స్‌లో డిక్ హైట్ అనే ఆయన ఫైండ్, సీపీఐఓ రెండూ రాశాడు. ఫైండ్ చెట్టంతా తిరిగి నచ్చినవాటి పేర్లు వరుసగా చెబుతుంది. సీపీఐఓకు తిరగడం రాదు. తన చేతికి ఏ పేర్లు వస్తే వాటిని మూట కడుతుంది. ఏరేవాడు ఒకడు, కట్టేవాడు ఒకడు. 1979లో ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చిన టార్ మాత్రం రెండు పనులూ తానే చేసుకుంటుంది: ఫోల్డర్ పేరు చెబితే తనే లోపలికి వెళ్లి అన్నీ తెచ్చుకుంటుంది. పేరే టేప్ ఆర్కైవ్. అప్పట్లో మూట అంటే అయస్కాంతపు టేపు. జనంలో టార్ గెలిచింది. నా ఓటు మాత్రం విడివిడి పనికే. ఏరడాన్ని విడిగా ఉంచితే, కట్టే ముందు జాబితాను కళ్లతో చూసుకోవచ్చు. ఇప్పటి టార్ కూడా జాబితా తీసుకుంటుంది లెండి. కాకపోతే దానికి ‘నువ్వు సొంతంగా లోపలికి వెళ్లకు’ అని విడిగా చెప్పాలి. జాబితాలో ఫోల్డర్ల పేర్లూ ఉంటాయి; చెప్పకపోతే టార్ ఆ పేరు కనబడగానే తన పాత అలవాటు ప్రకారం ఫోల్డర్ మొత్తం లాగేస్తుంది. మనం వదిలేసినవన్నీ వెనక దారిన వచ్చి కూర్చుంటాయి, మనం ఎంచినవి రెండుసార్లు చేరతాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. మన అమ్మాయి ల్యాప్‌టాప్‌లో సగానికి పైగా చెత్తే అనుకోండి. శుభోదయం బొమ్మలు, ఫార్వర్డ్ వీడియోలు, ఒకే ఫోటోకు నాలుగు కాపీలు. ఏరడం తప్పదు.

ఏరడంలో రెండు రకాలున్నాయి, పైకి ఒకేలా కనబడతాయి. గదిలోకి వెళ్లి ఒక్కో వస్తువు చూసి ‘ఇది వద్దు’ అనడం ఒకటి. గుమ్మం దగ్గరే ఆగి ‘ఈ గదే వద్దు’ అని వెళ్లిపోవడం రెండోది. ఫైండ్ భాషలో దీన్ని ప్రూన్ అంటారు, అంటే కొమ్మ కొట్టేయడం. వీడియోలు వద్దు అన్నది మొదటి రకం. వాట్సాప్ ఫోల్డరే వద్దు అన్నది రెండో రకం. రెండోదానితో సమయం బాగా కలిసొస్తుంది. పదివేల ఫైళ్లున్న కొమ్మను ఒక్క పోలికతో దాటేయవచ్చు. లోపలున్నవాటి పేర్లు కూడా డిస్క్‌ నుంచి చదవక్కర్లేదు. అందుకే వేగం కావాలన్న ప్రతి ప్రోగ్రామూ కొమ్మ కొట్టడం మీదే ఆధారపడుతుంది.

వెల కూడా అక్కడే ఉంది. లోపలికి వెళ్లి వద్దన్న ఫైలును కనీసం ఒకసారి చూశాం. గుమ్మం దగ్గర వదిలేసిన గదిలో ఏముందో ప్రోగ్రాముకు తెలియదు, తెలియదు కాబట్టి చెప్పదు. మూట విప్పి చూసుకున్నప్పుడు ఆ గది ఎప్పుడూ లేనట్టే ఉంటుంది. చదవలేకపోయిన ఫైలుకైతే ఎర్రర్ సందేశం వస్తుంది. కావాలని వదిలేసిన కొమ్మకు ఏ సందేశమూ రాదు. బ్యాకప్‌లలో నిజంగా గుండె గుభేల్‌మనిపించే నష్టాలు డిస్క్ చెడిపోవడం వల్ల కంటే ఇలాంటి ఒక్క వాక్యం నిబంధన వల్లే వస్తాయని నా అనుమానం.

మన అమ్మాయి వాట్సాప్ ఫోల్డర్‌ను కొట్టేసింది. రెండు రోజులకు నాయనమ్మ గుర్తు చేసింది: “ఊర్లె భూమి కాయితం మీ చిన్నాయన ఫోన్ల పంపిండు కద బిడ్డా, అది ఉన్నదా?” పీడీఎఫ్‌గా పంపాడు, అది వాట్సాప్ డాక్యుమెంట్ల ఫోల్డర్‌లో ఉంది. సరే, నిబంధనల చివర ‘పీడీఎఫ్‌లన్నీ కావాలి’ అని ఇంకో వరుస చేర్చింది. ఫలితం సున్నా. ఎందుకంటే నడిచేవాడు ఆ గుమ్మం దాటడు. లోపల పీడీఎఫ్ ఉందో లేదో కనిపించినప్పుడు కదా కొత్త నిబంధన వర్తించేది! ప్రోగ్రామర్లు తమ ఫైళ్ల మార్పులను దాచుకునే గిట్ అనే పనిముట్టు వాడేవాళ్లకు ఈ దెబ్బ పరిచయమే. పై ఫోల్డర్‌ను వద్దన్న తర్వాత లోపలి ఫైలును తిరిగి కావాలనడం కుదరదని దాని సూచనల్లోనే రాసి ఉంటుంది, కారణం వేగమని కూడా. దారి ఒక్కటే. ‘వాట్సాప్ వద్దు’ అనకుండా ‘వాట్సాప్‌లో ఉన్నవి ఒక్కొక్కటీ వద్దు, డాక్యుమెంట్ల ఫోల్డర్ మాత్రం కావాలి’ అనాలి. గుమ్మం తెరిచి ఉంచి లోపలి అరల్లో ఎంచుకోవాలి.

అప్పుడు కూడా వరుస ముఖ్యం. రెండు నిబంధనలు ఒకే ఫైలుకు వర్తిస్తే ఎవరి మాట చెల్లాలి? గిట్‌లో ఒకే జాబితాలో చివరి నిబంధన గెలుస్తుంది. ఫైళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసే ఆర్‌సింక్‌లో మొదట సరిపోలినది గెలుస్తుంది. ఒక పనిముట్టుకు రాసిన జాబితాను ఇంకోదానికి అలాగే అతికిస్తే అర్థం తిరగబడుతుంది, అదీ చప్పుడు లేకుండా.

ఇంకో మాట, పేరుతో వదిలేసేటప్పుడు ఆ పేరు ఎక్కడిదో కూడా చెప్పాలి. ‘పాతవి’ అనే ఫోల్డర్ వద్దని గ్నూ టార్‌కు చెబితే, అది ఒక్క డెస్క్‌టాప్ మీది ‘పాతవి’తో ఆగదు. చెట్టులో ఏ లోతులో ఆ పేరు తగిలినా కొట్టేస్తుంది. డెస్క్‌టాప్ మీది పాతవి అంటే పాత సినిమాలు. నాయనమ్మ ఫోల్డర్‌లోని పాతవి అంటే 1982కు ముందు ఉత్తరాలు.

చెత్త ఏదో ముందే తెలియదన్నది కూడా ఇక్కడ పెద్ద చిక్కు. మహారాష్ట్రలో మురికివాడల పునరావాసానికి 2000 జనవరి 1కి ముందు నుంచి అక్కడే ఉన్నట్టు రుజువు అడిగిన నియమం వచ్చాక, ఎన్నో ఏళ్ల కిందటి కరెంటు బిల్లు ఇంటి పత్రమంత విలువైనది అయింది. 1999లో ఎవరైనా ఒక నిబంధన రాసి ఉంటే ‘బిల్లులు వద్దు’ అనే రాసేవారు.

కొన్ని నిబంధనలు మనం రాయకుండానే అమల్లో ఉంటాయి. యూనిక్స్ సంప్రదాయంలో చుక్కతో మొదలయ్యే పేర్లు దాచిన ఫైళ్లు. ఇది ఎలా వచ్చిందో బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ చెప్పాడు. ప్రతి డైరెక్టరీలోనూ ‘ఇదే చోటు’, ‘పై చోటు’ అని చెప్పే రెండు ఎంట్రీలుంటాయి. ఒకటి ఒక చుక్క, ఇంకోటి రెండు చుక్కలు. జాబితాలో అవి కనబడకుండా చేయడానికి, మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్ అని ఎవరో సులువు దారి తొక్కారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి పేరూ కంటికి కనబడకుండా పోయింది. ఒకరి బద్ధకం యాభై ఏళ్ల ఆచారమైంది. మన పనికి దీని ఫలితం ఏమిటంటే, టార్‌కు నక్షత్రం గుర్తు ఇచ్చి ‘ఇక్కడున్నవన్నీ’ అంటే, ఈ ఫోల్డర్‌లో చుక్క పేర్లున్నవి రావు. ఒక్క చుక్క ఇచ్చి ‘ఈ చోటు’ అంటే అన్నీ వస్తాయి.

ఇప్పటిదాకా చెట్టు అన్నాం గానీ, నిజానికి అన్ని డిస్క్‌లూ శుద్ధమైన చెట్లు కావు. చాళ్‌లో పైకెక్కితే మళ్లీ అదే కింది అంతస్తు రాదు. కామాఠిపుర గల్లీలు అలా కాదు. నంబర్ల వారీగా పక్కపక్కనే సాగుతూ అడ్డ రోడ్లతో కలుస్తాయి, నాలుగు మలుపులు తిరిగితే బయల్దేరిన మూలకే చేరతాం. డిస్క్‌లో ఈ అడ్డ రోడ్డు పేరు సింబాలిక్ లింక్, మన డెస్క్‌టాప్ షార్ట్‌కట్ లాంటిది. ‘ఫోటోలు’ ఫోల్డర్ లోపల పై ఫోల్డర్‌ను చూపించే లింక్ ఒకటుంటే, దాన్ని నమ్మి నడిచేవాడు ఫోటోల్లోంచి పైకి, పైనుంచి ఫోటోల్లోకి తిరుగుతూనే ఉంటాడు. చిక్కుదారుల్లో దారి తప్పకుండా తిరగడానికి 19వ శతాబ్దపు ఫ్రెంచివాడు ట్రెమో చెప్పిన సూత్రం ఎడ్వార్ లూకా 1882లో అచ్చువేసిన గణిత వినోదాల పుస్తకంలో ఉంది: నడిచిన ప్రతి దారికీ గుర్తు పెట్టు, రెండు గుర్తులున్న దారిలోకి మళ్లీ వెళ్లకు. కంప్యూటర్ నడక కూడా దాని వారసురాలే. గోడ మీద సుద్దగీతకు బదులు ఇక్కడ రెండు సంఖ్యల జత, ఏ డిస్క్, అందులో ఎన్నో ఐనోడ్ (డిస్క్‌లో ప్రతి ఫైలుకూ, ఫోల్డర్‌కూ ఉండే సంఖ్య). పేర్లు ఎన్నున్నా ఫోల్డర్‌కు ఆ జత ఒకటే ఉంటుంది. ఆ జత ఇప్పుడు నడుస్తున్న దారిలో ముందే తగిలి ఉంటే వెనక్కి తిరగాలి. లైనక్స్ కెర్నెల్ తన వంతుగా, ఒక దారిలో నలభైకి మించి లింకులు ఎదురైతే ఇక చాలంటుంది. టార్ అయితే ఇంకా తెలివిగా అసలు లింక్‌లోకి వెళ్లదు. ‘ఇక్కడ ఫలానా చోటికి దారి ఉంది’ అన్న బోర్డును మాత్రం మూటలో పెడుతుంది. వెళ్లమని పట్టుబడితేనే వెళుతుంది.

అదే సంఖ్యల జత ఇంకో మేలు చేస్తుంది. ఒకే ఫైలుకు రెండు చోట్ల రెండు పేర్లుండవచ్చు, వీటిని హార్డ్ లింకులంటారు. టార్ రెండో పేరు దగ్గరకు రాగానే జత చూసి, ఇది ముందే కట్టినదేనని గుర్తుపట్టి సరుకు మళ్లీ పెట్టదు. వాట్సాప్‌లో నాలుగుసార్లు ఫార్వర్డ్ అయిన ఫోటోకు మాత్రం ఈ ఉపకారం అందదు. అవి నిజంగా నాలుగు వేర్వేరు ఫైళ్లు.

ఆర్కైవ్‌ను కడుతున్న ఫోల్డర్‌లోనే ఆర్కైవ్ పెరుగుతుంటే? మూటలో మూట, దాంట్లో అదే మూట. గ్నూ టార్ తన ఫైలును తనే గుర్తుపట్టి ‘ఇది ఆర్కైవే, కట్టడం లేదు’ అని చెప్పి దాటిపోతుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకమైన గొడవ పేర్లది. ‘పెళ్లిపత్రిక’ మన లెక్కలో అయిదు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో గుణింతం గుర్తులు, పొల్లు విడివిడిగా లెక్కకొచ్చి పన్నెండు సంకేతాలు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కాబట్టి మొత్తం 36 బైట్లు. లైనక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకు పరిమితి 255 బైట్లు. ఇంగ్లిషువాడికి 255 అక్షరాలు, మనకు 85 సంకేతాలు. తొలి టార్ నమూనాలో దారి మొత్తానికి కేటాయించినది 100 బైట్లే. అంటే 33 తెలుగు సంకేతాలకు మించి పట్టదు. తర్వాతి ప్రామాణికం ముందు భాగానికి ఇంకో 155 బైట్లు ఇచ్చింది. ఇంకా తర్వాత పాక్స్ పేరుతో వచ్చిన రూపం పరిమితినే ఎత్తేసింది. అందుకని తెలుగు పేర్లున్న చెట్టును కట్టేటప్పుడు పాక్స్ రూపాన్నే ఎంచుకోవాలి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు.

పేర్లలో ఖాళీలుంటే జాబితా పద్ధతికి చిక్కు. ‘నాయనమ్మ పెళ్లి ఫోటో’ అన్న పేరును మధ్యలో మనిషి కాపలా లేకుండా ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముకు అందిస్తే, జాబితాలోని పేర్లను వేరే ఆదేశానికి అందించే ఎక్స్‌ఆర్గ్స్ లాంటివి దాన్ని మూడు ఫైళ్లనుకుంటాయి: నాయనమ్మ ఒకటి, పెళ్లి ఒకటి, ఫోటో ఒకటి. మూడూ దొరకవు. యూనిక్స్‌లో ఫైలు పేరులో ఉండకూడనివి రెండే, దారిని విడదీసే వాలుగీత, సున్నా బైటు. వరుస మార్పు గుర్తు కూడా పేరులో ఉండవచ్చు. అందుకే పేరుకూ పేరుకూ మధ్య సున్నా బైటు పెట్టి అందించే వసతి ఫైండ్‌లో ఉంది, అందుకునే వసతి టార్‌లో ఉంది. వాడుకోవడం మన చేతిలో పని.

అన్నిటికన్నా విచిత్రమైనది ‘ముంబై’. ఈ పేరు రాయడానికి రెండు పద్ధతులున్నాయి, రెండూ తెర మీద అచ్చం ఒకేలా కనబడతాయి. ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా రాయవచ్చు. యూనికోడ్ ఈ రెండూ సమానమే అంటుంది. మొదటి పద్ధతిలో పేరు 15 బైట్లు, రెండోదాంట్లో 18. ఆపిల్ 1998లో తెచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఫైలు వ్యవస్థ పేర్లను ముక్కలుగా విడదీసి దాచుకునేది. లైనక్స్ వ్యవస్థలు ఇచ్చినవి ఇచ్చినట్టు బైట్లుగా చూస్తాయి, భాష పట్టించుకోవు. కాబట్టి అలాంటి పాత మ్యాక్ నుంచి వచ్చిన ‘ముంబై’, విండోస్‌లో టైపు చేసిన ‘ముంబై’ ఒకే చోట పక్కపక్కన రెండు ఫోల్డర్లుగా నిలబడగలవు. ‘ముంబై వద్దు’ అనో ‘ముంబై మాత్రమే’ అనో నిబంధన రాస్తే ఒకటి తగులుతుంది, ఒకటి తప్పించుకుంటుంది. తెలుగు అచ్చుల్లో ఈ రెండు రూపాల జబ్బు ఐత్వానికి ఒక్కదానికే ఉంది, అదీ సరిగ్గా ఈ ఊరి పేరులోకే రావాలా! ‘ఆర్కైవ్‌లు’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కనబడకుండా కూర్చునే విడదీత గుర్తుదీ ఇదే వరస. అది ఉన్న పేరు, లేని పేరు వేర్వేరు. పేర్లను ఒకే రూపంలోకి మార్చే చిన్న ప్రోగ్రామును మూట కట్టే ముందు నడిపించడం మంచిది.

చివరగా తేదీలు. వారానికోసారి అంతా మళ్లీ కట్టడం ఎందుకని, పోయినసారి తర్వాత మారినవే కట్టమంటాం. ఫైలుకు కనీసం రెండు తేదీలున్నాయి. లోపలి సరుకు ఎప్పుడు మారిందో చెప్పేది ఒకటి, ఫైలుకు సంబంధించిన ఏ వివరమైనా ఎప్పుడు మారిందో చెప్పేది రెండోది. మన అమ్మాయి అన్న, 2014 నాటి మెమరీ కార్డులోంచి ఫోటోలను తేదీలు చెక్కుచెదరకుండా నిన్న దించాడు. మొదటి తేదీ ప్రకారం అవి 2014వి. పోయిన వారం కంటే పాతవి. కాబట్టి కొత్త మూటలో చేరవు. ఇంటికి నిన్న వచ్చినవి, లెక్కలో మాత్రం పదేళ్ల కిందటివి. రెండో తేదీని అడిగితే నిన్నటిదే చెబుతుంది, దాన్ని ఇష్టానికి వెనక్కి తిప్పడం మామూలు ఆదేశాలతో కుదరదు. ఫైండ్‌కు రెండింట్లో దేన్నైనా చూసుకోమని చెప్పవచ్చు. చెప్పకపోతే అలవాటుగా వాడే ఆదేశం మొదటిదాన్నే చూస్తుంది.

ఇన్ని తెలిసిన తర్వాత మన అమ్మాయి చేసే పని ఇది. కట్టే ముందు ఫైండ్‌తో రెండు జాబితాలు తీస్తుంది, ఒకటి నిబంధనలతో, ఒకటి ఏ నిబంధనా లేకుండా. రెండింటి తేడాయే వదిలేసినవాటి చిట్టా. అది పొడవుగా ఉంటుంది, చదవడం విసుగు. ఫోల్డర్ల వరుసలు మాత్రం చదివితే పావుగంట చాలు. నాయనమ్మ ‘పాతవి’ అక్కడ బయటపడుతుంది.

రెండోది, గ్నూ టార్‌లో ఎక్కువమంది వాడని ఒక సదుపాయం. ఫోల్డర్‌లో ఫలానా పేరున్న ఫైలు కనబడితే మిగతా సరుకంతా వదిలెయ్యి, ఆ ఒక్క ఫైలునూ ఫోల్డర్‌నూ మాత్రం కట్టు అని చెప్పవచ్చు. అన్న ఫోన్‌లోని శుభోదయాల ఫోల్డర్‌లో ఆమె ‘వద్దు’ అనే ఫైలు పెట్టి, అందులో ఏం వదిలేసిందో, ఎందుకో, ఏ రోజో రెండు వాక్యాలు రాస్తుంది. భివండీలో మూట విప్పినప్పుడు ఆ ఫోల్డర్ తన చోటులోనే ఉంటుంది. లోపల ఆ చీటీ ఒక్కటే ఉంటుంది. చిన్నాయనకు కావలసింది అందులో ఉందనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.